చిన్నకోడలికి కొత్త గ్యాసు

మా అత్తగారు శ్యామలాంబగారికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన మా బావగారు జగన్నాథరావుగారు. రెండో ఆయన మా ఆయన భీమరాజుగారు. కోడళ్ళు మాత్రం ముగ్గురని ఆవిడ లెక్క. బావగారి భార్య పెద్దకోడలు, నేను నడిపికోడలు, మా వీధిగదిలో ఉన్న పుల్ల ఐసు మిషను చిన్నకోడలు.

మా ఊరు రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో ఉంది. మా ఆయన ఆ మిషనుని లారీలో వేయించుకుని తెచ్చిన రోజున అత్తగారు ఎర్రనీళ్ళతో దిష్టి తీసి గాని గుమ్మం దాటనివ్వలేదు. కొత్తకోడలిని కుడికాలు పెట్టి లోపలికి రమ్మంటాం గదా, దీనికి నాలుగు కాళ్ళున్నాయి, ఏది కుడికాలో తేల్చమని లారీ డ్రైవరుని అడిగారు. అప్పటి నుంచీ రోజూ పొద్దున్నే మొదటి వాయి అచ్చులు ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించేముందు ఆవిడ కర్పూరం వెలిగించి మిషనుకి హారతి ఇస్తారు. మా ఆయన పోయాక కూడా అది ఆగలేదు. నాతో మాటామాటా వచ్చినప్పుడల్లా నాకు వినబడేలా మిషనుతోనే చెప్పుకునేవారు. నువ్వు నయమే తల్లీ, పెట్టింది తిని చల్లగా ఉంటావు, ఎదురు చెప్పవు అని. ఆ మోటారు చేసే మోతకి పక్కింటివాళ్ళు రేడియో కూడా వినలేరన్న సంగతి ఆవిడకి పట్టదు.

ఆయన పోయినప్పటి నుంచీ నా బతుకు ఆ మిషనే. నిమ్మ, ద్రాక్ష, కొబ్బరి, సేమ్యా, ఇన్ని రకాల ఐసు పోసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళ సైకిలు బళ్ళవాళ్ళు తెల్లారేసరికి మా వీధిలో బారులు తీరి పెట్టెలు నింపుకుని పోయేవారు. శివరాత్రితో గిరాకీ మొదలవుతుంది. ఫాల్గుణంలో కోరుకొండ నరసింహస్వామి తీర్థం వస్తే ఎంత పోసినా చాలదు. కొండెక్కి దిగిన ప్రతి మనిషికీ ఐసు కావాలి.

రెండు వేల ఆరో సంవత్సరం శివరాత్రి వెళ్ళిన మర్నాడు మిషను తిరుగుతోంది గాని తొట్టి చల్లబడలేదు. సాయంత్రం దాకా చూశాను. అచ్చుల్లో నిమ్మరసం నిమ్మరసంగానే ఉంది. బళ్ళవాళ్ళు వచ్చి ఉత్త పెట్టెలతో వెళ్ళిపోయారు.

ఈ కబురు తెలిసి బావగారు వచ్చారు. ఆయన చెడ్డమనిషి కాదు, ప్రతిదీ తన లెక్క ప్రకారం సర్దాలని ఆయన తాపత్రయం. ఆయన అల్లుడు సుమంత్ సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాలని చూస్తున్నాడు. బస్సు దారి మీద మా వీధిగదిని మించింది ఊళ్ళో లేదు. ఈ పాత మిషనుతో ఎన్నాళ్ళు కుస్తీ పడతావు, అన్నపానాలకి మేం లోటు చెయ్యం గదా అని మెల్లగా మొదలుపెట్టి, చివరికి అసలు మాట చెప్పారు.

"చూడమ్మా తులసీ, తీర్థం నాటికి నువ్వు ఐసు పోస్తే మిషనూ నీదే, గదీ నీదే. మళ్ళీ ఆ ఊసెత్తను. పొయ్యలేకపోతే ఇనప సామాను వాణ్ణి పిలిపిస్తాను."

"అలాగేనండీ బావగారూ" అన్నాను. అనేశాను గాని, లోపలికి వెళ్ళి కూర్చుని లెక్క వేసుకున్నాను. ఆయన అన్నంత పనీ చేస్తారు, లోటూ చెయ్యరు. కానీ ఆ గది పోతే పొద్దున్నే నాకోసం నలుగురు వీధిలో నిలబడేది ఉండదు. వాళ్ళింటి నుంచి ఏం వస్తుందా అని పెరటి గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి.

రాజమండ్రి నుంచి వీరబ్రహ్మంగారిని పిలిపించాం. మిషను కొన్ననాటి నుంచీ దానికి వైద్యం చేసేది ఆయనే. స్కూటరు దిగి, సబ్బునురుగు కుంచెతో గొట్టాలన్నీ తడిపి, ఒక అతుకు దగ్గర బుడగలు లేస్తుంటే నన్ను పిలిచి చూపించారు.

"గ్యాసు పోయిందండీ. అతుకు వెయ్యడం పెద్ద పనేం కాదు. మళ్ళీ నింపాల్సిన గ్యాసుతోనే వచ్చింది చిక్కు" అన్నారు.

ఆ చిక్కేమిటో ఆయన తీరిగ్గా చెప్పారు. ఇన్నాళ్ళూ వాడిన గ్యాసుని వద్దని దేశాలన్నీ కూడబలుక్కున్నాయట. మన గవర్నమెంటు కూడా ఏటేటా తయారీ తగ్గించుకుంటూ వస్తోందట. కొత్త ఫ్రిజ్జుల్లో వాడడం అప్పటికే మానేశారు. ఇంకొన్నాళ్ళకి అసలు చెయ్యడమే ఉండదు. బజార్లో అక్కడక్కడా దొరుకుతున్నదాంట్లో కల్తీ ఎక్కువ. అది పోస్తే తీర్థం నడిమధ్యలో మళ్ళీ మూలపడుతుంది. ఈ సంగతులన్నీ నేర్పడానికి మెకానిక్కులకి విజయవాడలో క్లాసులు పెడితే ఆయనా వెళ్ళొచ్చారు.

అత్తగారు గుమ్మంలో కూర్చుని అంతా విన్నారు. అంత కానిపని ఆ గ్యాసు ఏం చేసింది అని అడిగారు.

"ఎండ మనల్ని మాడ్చెయ్యకుండా ఆకాశంలో ఒక పొర ఉందండీ మామ్మగారూ, గొడుగులాగా. ఈ గ్యాసు కారిపోయి పైకెళ్ళి ఆ పొరని తినేస్తోందట."

ఆవిడ మిషను వైపు తిరిగి, దొంగతనం బయటపడ్డ మనిషిని చూసినట్టు చూశారు. "మా చిన్నకోడలు అంత పని చేసిందీ?"

"ఒక్క మీ కోడలేనేంటండీ. ఊరూరా ఉన్న ఇలాంటి కోడళ్ళందరూ కలిసి."

ఆ మాటతో ఆవిడకి కాస్త ఊరట కలిగింది. లోపల మిగిలిన గ్యాసుని వీరబ్రహ్మంగారు ఇదివరకటిలా గాలిలోకి వదిలెయ్యకుండా ఒక సిలిండరులోకి లాక్కున్నారు. అది క్లాసులో గట్టిగా చెప్పిన మాటట. ఆ తరవాత మాకున్న దారులేమిటో చెప్పారు.

ఒక దారి, వంట గ్యాసు జాతికి చెందిన గ్యాసు. ఆకాశానికి హాని చెయ్యదు, చవక, పాత నూనెతోనే పనిచేస్తుంది, రెండు రోజుల్లో మిషను తిరుగుతుంది. కానీ మండే స్వభావం. చిన్న ఫ్రిజ్జులకి ఆయన ధైర్యంగానే వేస్తున్నారు. మా మిషనుకి గ్యాసు ఎక్కువ పడుతుంది, గదేమో చిన్నది. రెండో దారి, మండని కొత్త గ్యాసు. దానికీ పాత నూనెకీ పడదు. గొట్టాలన్నీ కడిగి, కంప్రెసరులో పాత నూనె చుక్క మిగలకుండా తీసి, దానికని వేరే వచ్చే నూనె పొయ్యాలి. ఖర్చూ ఎక్కువే, రోజులూ ఎక్కువే. ఇది కూడా భూమిని వేడెక్కిస్తోందని, ఎప్పటికో దీన్నీ తగ్గించమంటారని క్లాసులో అనుకున్నారట.

బావగారు అక్కడే ఉన్నారు. చవకదీ తొందరగా అయ్యేదీ ఉండగా ఆలోచన దేనికన్నారు. నాకూ అలాగే అనిపించింది.

"అలాగైతే గోడకి పెద్ద కిటికీ తియ్యాలండీ. ఇంకోటి, ఈ గదిలోకి నిప్పన్నది రాకూడదు. అగ్గిపుల్ల కూడా గియ్యకూడదు. మీకిక్కడ నిప్పుతో పనేం లేదు గదా?" అన్నారు వీరబ్రహ్మంగారు.

నేను లేదని చెప్పబోతుండగానే అత్తగారు లోపలి నుంచి హారతి పళ్ళెంతో వచ్చారు. మిషను మంచానపడిందని ఆవేళ రెండోసారి ఇద్దామనుకున్నారట. కర్పూరం ఇంత ఎత్తున వెలుగుతోంది. వీరబ్రహ్మంగారు ఆవిణ్ణి చూసి, నన్ను చూసి, తన సంచిలో సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

బావగారు నచ్చజెప్పారు. దేవుడి గదిలోనే ఇచ్చుకోవచ్చు గదమ్మా, దాని తరఫున అన్నారు. ఆవిడ వాదించలేదు. పళ్ళెం కింద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"మీ వీలు చూసుకోండి. నేనీ గదిలోకి రాను" అన్నారు.

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ పంతానికి పోయేదాన్నేమో. మా ఆయన పోయిన రోజుల్లో ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఈవిడ ఆ గదిలోకి వెళ్ళి రోజూ కాసేపు నిలబడి వచ్చేవారు. కొడుకు చెయ్యి పడ్డ వస్తువు అదొక్కటే మిగిలింది ఆవిడకి. గుమ్మం అవతల ఈవిణ్ణి కూర్చోబెట్టి నేను లోపల ఐసు పోసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

"మండని గ్యాసే పొయ్యండి బ్రహ్మంగారూ" అన్నాను.

వీరబ్రహ్మంగారు తనకీ అదే మనశ్శాంతి అన్నారు. ఒక్క కర్పూరం బిళ్ళ కోసం ఇంత ఖర్చా అని బావగారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. అత్తగారు ఆ సాయంత్రం నాకిష్టమని పనసపొట్టు కూర చేశారు.

మర్నాడు వీరబ్రహ్మంగారు అతుకు వేసి, గొట్టాలన్నీ కడిగే పని మొదలుపెట్టారు. ఆ మరునాడు కొత్త గ్యాసు సిలిండరూ, ఒక నూనె డబ్బా తెచ్చిపెట్టారు. డబ్బా చిన్నదే, మూత మీద సీలు ఉంది. రాజమండ్రి అంతా తిరిగితే ఒక్క కొట్లో దొరికిందట. జాగ్రత్తగా ఉంచండి, రేపు వచ్చి పోస్తాను అని నాకు చెప్పి వెళ్ళారు. నేను దాన్ని వంటింటి గూట్లో పెట్టాను, అక్కడైతే ఎవరి కాలూ తగలదని.

మా ఇంట్లో ఒక అలవాటుంది. గానుగ నుంచి నూనె వచ్చినా, కొట్టు నుంచి డబ్బా వచ్చినా తొలి చుక్క దేవుడి దీపంలో పడ్డాకే వంటింటి వాడకానికి వస్తుంది. అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆచారం. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఒకసారి మరిచిపోయి కొత్త నూనెతో పోపు వేస్తే ఆ పులుసు ఆవిడ ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న వీరబ్రహ్మంగారు వచ్చి డబ్బా అడిగారు. గూట్లో లేదు. దేవుడి గదిలో ఉంది. సీలు తీసి ఉంది, మూత పక్కన ఉంది, నూనెలో ఒక నందివర్ధనం పువ్వు తేలుతోంది. దేవుడి ముందు దీపం వెలుగుతోంది. ఆ దీపం వాసన మాత్రం ఎప్పుడూ వచ్చే వాసన కాదు.

"నిన్న దీపాల వేళే పోశాను. చిన్నకోడలికి మొట్టమొదటిసారి కొత్త నూనె పోస్తున్నాం, దేవుడికి చూపించకుండా ఎలా పోస్తాం?" అన్నారు అత్తగారు.

వీరబ్రహ్మంగారు డబ్బా ముందు చతికిలబడ్డారు. అరవలేదు పాపం. ఈ నూనెకి గాలి తగలకూడదు, గాలిలో ఉండే తడినంతా పీల్చేసుకుంటుంది, ఆ తడి లోపలికి వెళితే కంప్రెసరు పాడైపోతుంది, సీలు తియ్యొద్దని నేనే విడమరిచి చెప్పాల్సింది అన్నారు.

ఇంకొకరైతే అర్థం చేసుకోవడానికి చాలాసేపు పట్టేది. అత్తగారిది ఆత్రేయపురం. చిన్నప్పుడు పొయ్యి మీద బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసిన చెయ్యి.

"రేకు లాంటిదన్నమాట. గోదావరి గాలికి వదిలేస్తే మెత్తబడిపోయి పనికిరాదు" అన్నారు.

"అంతేనండీ మామ్మగారూ. సరిగ్గా అంతే."

ఆవిడ ముఖం పాలిపోయింది. తీర్థం ఎదురుగా ఉంది. రాజమండ్రిలో ఇంకో డబ్బా లేదు, మళ్ళీ సరుకు వచ్చేసరికి తీర్థం దాటిపోతుంది. నేను బావగారి మాట తలుచుకుని స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. వీరబ్రహ్మంగారు మాత్రం ఫోను బూతుకి వెళ్ళి, క్లాసులో తనతో పాటు నేర్చుకున్న వాళ్ళందరికీ ఫోన్లు చేసి వచ్చారు. రావులపాలెంలో శాంతికుమార్ అనే ఆయన దగ్గర ఒక డబ్బా ఉంది. కానీ అతను దాన్ని ఒక మిఠాయి కొట్టు కూలరుకని అట్టేపెట్టుకున్నాడు, ఇవ్వడానికి ఇష్టపడడం లేదు. ఫోనులో ఎంత అడిగినా చూద్దాం అన్నాడే గాని సరే అనలేదట.

"ఫోనులో అడిగితే ఎవరిస్తారు?" అని అత్తగారు లేచి ఉతికిన చీర కట్టుకున్నారు. "ఏవే తులసీ, పద. బస్సు వచ్చే వేళైంది."

రాజమండ్రిలో బస్సు మారాం. కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కలు పచ్చగా పరుచుకుని ఉన్నా ఆవిడ చూడలేదు. జొన్నాడ వంతెన మీద మాత్రం గోదావరికి దణ్ణం పెట్టి ఏదో గొణుక్కున్నారు. రావులపాలెంలో అరటిగెలల లారీలు తప్పించుకుంటూ, దారి అడుగుతూ శాంతికుమార్ కొట్టు పట్టుకున్నాం. ముప్పై ఏళ్ళవాడు. విప్పదీసిన ఫ్రిజ్జుల మధ్య కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే విషయం అర్థమై, నవ్వు ఆపుకుంటూ కుర్చీలు వేశాడు.

"దీపంలో పోశారంట గదండీ."

"వెలిగింది నాయనా. వెలగలేదని మాత్రం అనకు" అన్నారు అత్తగారు.

అతను గట్టిగా నవ్వేశాడు. కానీ డబ్బా మాట వచ్చేసరికి తల గోక్కున్నాడు. మిఠాయి కొట్టాయనకి మాట ఇచ్చేశానండీ అన్నాడు. నేను మా తీర్థం సంగతీ, గది సంగతీ దాచకుండా చెప్పాను. అతను జాలిగా విన్నాడు గాని సరే అనలేదు. అప్పుడు అత్తగారు డబ్బా ఊసు వదిలేసి, మీదే ఊరు, ఎవరబ్బాయివి అని అడగడం మొదలుపెట్టారు. అతనిది ఆత్రేయపురం పక్క పల్లె. తాతగారి పేరు చెప్పాడు, ఆవిడకి తెలియలేదు. మామ్మగారి పేరు మహాలక్ష్మమ్మ అనగానే అత్తగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"రేకుల మహాలక్ష్మి మనవడివా నువ్వు? ఇద్దరం ఒకే పాకలో కుండల ముందు కూర్చునేవాళ్ళం. అది తీస్తే ఉల్లిపొరలా వచ్చేది. నేను తీస్తే కంబళి అని నవ్వేది. నా పేరు కంబళి శ్యామల అని పెట్టింది కూడా అదే. ఉందా?"

"ఉందండీ. ఇప్పటికీ మా ఆవిడ తీసిన రేకుల్ని కంబళ్ళనే అంటుంది" అన్నాడతను. తనలో తనే కాసేపు నవ్వుకుని లేచి, లోపలి బీరువా తాళం తీశాడు. "కంబళి శ్యామలగారిని ఉత్త చేతులతో పంపించానని తెలిస్తే మా మామ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదండీ. మిఠాయి కొట్టాయన పది రోజులు ఆగుతాడులెండి, ఆయన పాత కూలరు ఇంకా నడుస్తూనే ఉంది."

డబ్బా అత్తగారి చేతిలో పెట్టి, సీలు మాత్రం వీరబ్రహ్మంగారే తియ్యాలండీ అన్నాడు. దారి పొడుగునా ఆవిడ ఆ డబ్బాని ఒళ్ళోంచి దించలేదు. నెయ్యా మామ్మగారూ, అంత జాగ్రత్త అని కండక్టరు అడిగితే, దేవుడికి కూడా పనికిరాని నూనె నాయనా, నువ్వు అటు జరుగు అన్నారు.

వీరబ్రహ్మంగారు మాకోసం గదిలోనే కాచుకుని ఉన్నారు. మర్నాడంతా ఒక పంపు పెట్టి గొట్టాల లోపలి గాలినీ తడినీ లాగేస్తూనే ఉన్నారు. నేను అటూ ఇటూ తిరుగుతూ అయిందా అని అడుగుతుంటే, పంపుకున్న మీటరు ముల్లు చూపించి ఇంకా కాలేదంటారు. అత్తగారు మాత్రం గుమ్మంలోంచి కదలకుండా కూర్చుని అటు వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ నూనె గాలి తగిలితే రేకులా మెత్తబడుతుందని పాఠం చెప్పారు. చివరికి ఆయన సీలు తీసి, నూనె పోసి, గ్యాసు ఎక్కించి, మోటారు స్విచ్చి వేశారు.

బెల్టు తిరిగింది. పాత మోతే, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునే మోత. మేం ముగ్గురం తొట్టిలోకి వెళ్ళే రాగి గొట్టం వంకే చూస్తూ నిలబడ్డాం. ముందు గొట్టం మీద చెమట పట్టింది. ఆ చెమట తెల్లబడింది. ముగ్గు చల్లినట్టు మంచు పాక్కుంటూ వెళ్ళి తొట్టి అంచుని తాకింది. వీరబ్రహ్మంగారు వేలితో గీసి చూపించారు. అత్తగారు కూడా వేలితో గీసి, ఆ వేలు కళ్ళకద్దుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాలు కాచడానికి వంటింట్లోకి పరిగెత్తాను.

తీర్థం ముందురోజు బావగారు సుమంత్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. సుమంత్ చేతిలో కొలతల టేపు ఉంది. ఫోన్ల అద్దాల బీరువా ఏ గోడకి పెట్టాలో చూసుకుందామని వచ్చారు. సరిగ్గా అప్పుడే నేను మొదటి వాయి అచ్చులు పైకి తీసి, మామూలు నీళ్ళలో ముంచి వదులుచేస్తున్నాను. పుల్లలు పట్టుకుని లాగితే సేమ్యా ఐసులు ఒక్కొక్కటీ టక్కున ఊడి వచ్చాయి. పొగలు కక్కుతున్నాయి. వీధిలో అప్పటికే సైకిలు బళ్ళు బారులు తీరాయి.

అత్తగారు ఒక ఐసు తీసి పెద్దకొడుకు చేతిలో పెట్టారు. ఇంకొకటి మనవరాలి మొగుడికి ఇచ్చారు. బావగారు నిలబడే తిన్నారు. గంజి పెట్టిన చొక్కా మీద పాలు కారుతున్నా చూసుకోలేదు. పుల్ల నాకి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదివరకటి కంటే గట్టిగా ఉందేమిటమ్మా" అన్నారు.

"గ్యాసు కొత్తదండీ" అన్నాను.

ఆయన కాసేపు మిషను వైపు చూశారు. బయటి బళ్ళ వరస వైపు చూశారు. సుమంత్ చేతిలో టేపు తీసుకుని చుట్టి, తన జేబులో వేసుకున్నారు.

"బస్టాండు పక్కన ఒక గది ఖాళీగా ఉందన్నావు గదా, అది చూద్దాం పద" అని అల్లుడితో అన్నారు. గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చారు. "రేపు కొండ కిందకి సరుకు ఎలా తీసుకెళ్తావమ్మా? ఈ సైకిళ్ళ మీద ఎంతని పోతుంది? తెల్లారేసరికి మన ట్రాక్టరు పంపిస్తాను. ఊక దండిగా పోయించి పెట్టెలు సర్దుకో. మీ అక్క కూడా వచ్చి చెయ్యి వేస్తుంది."

"అలాగేనండీ బావగారూ" అన్నాను.

బయట బళ్ళవాళ్ళు గంటలు కొడుతున్నారు. ఒకడు ద్రాక్ష కావాలంటున్నాడు, ఇంకొకడు తనకి కొబ్బరే చాలంటున్నాడు. అత్తగారు చీర కొంగు నడుముకి దోపి, ఎవరు ముందొచ్చారో తేలుస్తానని వీధిలోకి వెళ్ళారు. నేను సేమ్యా పాలు కలిపిన గిన్నె దగ్గరికి లాక్కుని, రెండో వాయి అచ్చులు నింపడం మొదలుపెట్టాను.